సాయంత్రం ఏడింటికి పది రూపాయల ఆకుకూర: తిరుపతిలో కొండకింది కాలనీ కేస్ స్టడీ

తిరుపతిలో కూరగాయలకు కొదవ లేదు. తెల్లవారుజామున చంద్రగిరి, రామచంద్రాపురం వైపు నుంచి ఆటోల్లో ఆకుకూర కట్టలు దిగుతాయి. మదనపల్లె మార్కెట్ నుంచి టమేటా వస్తుంది. పలమనేరు, వి.కోట చుట్టుపక్కల పండే క్యాబేజీ, బీన్స్ చెన్నైకి పోయేవి పోగా ఇక్కడికీ వస్తాయి. రైతు బజారు ఉంది. సత్రాలకు, హోటళ్లకు, కొండమీదికి రోజూ లోడ్ల కొద్దీ కూరగాయలు పోయే ఊరు ఇది. అలాంటి ఊళ్లో, జీవకోన వైపు కొండకింద ఉన్న ఒక కాలనీలో వారమంతా కలిపి ఒక్కసారి కూడా ఆకుకూర వండని ఇళ్లు చాలా ఉండేవి.

నేను పోషకాహారం చదువుకుని, పొదుపు సంఘాల మహిళలతో కలిసి పనిచేసేదాన్ని. ఆ కాలనీలో సంఘం మహిళలు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, ఒక కిరాణా అంగడి యజమాని కలిసి చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. కాలనీ పేరు రాయడం లేదు. అక్కడి వాళ్లు నాకు వాళ్ల వంటింటి లెక్కలు, అప్పుల లెక్కలు చెప్పారు. అవి వాళ్ల సొంత విషయాలు. ఇలాంటి పని ఇంకో కాలనీలో మొదలుపెట్టాలనుకునే వాళ్లకు పనికొచ్చేంత వివరం మాత్రం దాచకుండా ఇస్తున్నాను.

సమస్య ఎక్కడుందని అనుకున్నారు, ఎక్కడుంది

ఆరోగ్య శాఖ మీటింగుల్లో అయినా, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు కాగితాల్లో అయినా పేదల తిండి గురించి మొదట వచ్చే మాట 'అవగాహన లేదు'. ఈ మాటతో నేను ఒప్పుకోను. ఆ కాలనీలో నేను మాట్లాడిన ఏ ఆడమనిషికీ ఆకుకూర మంచిదని చెప్పాల్సిన అవసరం రాలేదు. తోటకూర, చిర్రాకు, పొన్నగంటాకు, మునగాకు, చెన్నంగాకు అని పేర్లు వరసగా చెప్పేవాళ్లే అందరూ. చాలామంది పాకాల, పీలేరు, పుత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు. చేనుగట్టున ఏరుకొచ్చి పులగూర వండిన చేతులే అవి. తెలియక తినకపోవడం కాదు, తెలిసీ తినలేకపోవడం అక్కడి కష్టం.

రాష్ట్రం లెక్కలు అందరికీ తెలిసినవే. 2019-20 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో అది 63.2 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. ఈ అంకెల వెనకాల ఒక్కో ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలంటే ప్లేటు కంటే ముందు గడియారం చూడాలి.

ఆ కాలనీలో ఆడవాళ్లు ఎక్కువమంది లాడ్జీల్లో, సత్రాల్లో, ఆసుపత్రుల్లో హౌస్‌కీపింగ్ పనిచేస్తారు. కొందరు ఇళ్లలో పాచిపని, కొందరు బేల్దారి పని, ఇంకొందరు పూలు కట్టడం. షిఫ్టు పొద్దున ఆరింటికైతే ఐదింటికే షేర్ ఆటో ఎక్కాలి. తిరిగి ఇల్లు చేరేసరికి ఆరున్నర, ఏడు. కూరగాయల తోపుడుబండి కాలనీలోకి వచ్చేది పొద్దున తొమ్మిది, పదింటికి. ఆ టైంలో ఇళ్లలో ముసలివాళ్లు, బాలింతలు తప్ప కొనేవాళ్లు ఉండరు. కొనేవాళ్లు లేరని బండి రావడం తగ్గించింది. రైతు బజారుకు పోవాలంటే రానూపోనూ ఆటో ఛార్జీకే నలభై రూపాయలు. అది నాలుగు ఆకుకూర కట్టల డబ్బు.

ఇక సాయంత్రం ఏడింటికి కాలనీలో దొరికేది అంగట్లో ఉన్నదే. ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు, వడలిన టమేటాలు, పామాయిల్ ప్యాకెట్లు, నూడుల్స్, ఐదు రూపాయల బిస్కెట్లు, పది రూపాయల చిప్స్. నేను అంగడి ముందు కూర్చుని చూసింది ఇదే: చిప్స్ కంపెనీ వాళ్లకు ఈ కాలనీ సంగతి మనకంటే బాగా తెలుసు. పది రూపాయలకు, చేతికి అందే ఎత్తులో, రాత్రి పదింటి దాకా, వండే పని లేకుండా. ఆకుకూరకు ఆ నాలుగింటిలో ధర తప్ప ఇంకొకటి లేదు.

ఒకామె నాతో అన్న మాట రాసుకున్నాను. "ఆకు తెచ్చుకునేది యాడ మేడమ్, తెచ్చినా వలిచేది ఎప్పుడు? నేను వచ్చేటప్పటికి పిల్లోళ్లు ఆకలని ఏడుస్తా ఉంటారు. స్టోరు బియ్యం ఉండాది, ఇంత చారు పెట్టేస్తే అయిపోతాది." ఆమె మాటలో ఉన్న మూడు అడ్డంకులు, అంటే దొరికే చోటు, దొరికే వేళ, వండటానికి పట్టే సేపు, మేం చేసిన పనికంతటికీ ఆధారం అయ్యాయి. నాలుగోది అప్పు. అది కొంచెం ఆలస్యంగా అర్థమయ్యే విషయం. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ఉచిత బియ్యం పక్కన రాగి ముద్ద

రాయలసీమలో ఆరోగ్యకరమైన తిండి అనగానే సంగటి మాట వస్తుంది. నిజమే, వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. కానీ ధర సంగతి చూడండి. జాతీయ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం 2023 జనవరి నుంచి పూర్తిగా ఉచితం. రాగులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2025-26కి క్వింటాలుకు 4,886 రూపాయలు. అంటే రైతు దగ్గరే కిలో దాదాపు 49 రూపాయలు ఉండాలి. అంగట్లోకి వచ్చేసరికి, మరపట్టించేసరికి ఇంకా ఎక్కువ. ఉచితంగా వచ్చేదాని పక్కన యాభై రూపాయల సరుకు పెట్టి, ఇది మంచిది తినండి అని చెప్పడం న్యాయం కాదు.

అందుకని ముద్ద తినమని మేం ఎక్కడా ప్రచారం చేయలేదు. ముసలివాళ్లు, షుగరు ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే రాగిపిండి అడిగితే అంగట్లో పావుకిలో లెక్కన పెట్టించాం. రోజూ సంగటి గెలికే ఓపిక పనికెళ్లే ఆడమనిషికి లేదు. జావకు మాత్రం మంచి ఆదరణ వచ్చింది. బళ్లలో మధ్యాహ్న భోజనంతో పాటు రాగి జావ 2023 మార్చి నుంచి ఇవ్వడం మొదలైంది కాబట్టి పిల్లలకు ఆ రుచి అలవాటైంది. ఇంట్లో పెద్దవాళ్లు కాకుండా పిల్లలే జావ అడగడం నేను చూశాను. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నారు, దాని వేడిలో కొర్రలు, సామలు కూడా పెట్టి చూశాం. కిలో వంద దగ్గర్లో ఉండే కొర్రలు ఈ కాలనీ తిండి కాదని వారంలోపే తేలిపోయింది. ఆ ధాన్యాల మీద నాకు ఎంత ఇష్టమున్నా, ఈ ధరలో అవి ఎగువ మధ్యతరగతి వాళ్ల సరుకే.

బియ్యాన్ని కదిలించకుండా, దాని పక్కన ఏం చేర్చగలం? రోజుకు ఒక ఆకుకూర లేదా కూరగాయ, రోజుకు ఒక పప్పో గుడ్డో. లక్ష్యం ఇంతే పెట్టుకున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు తీసుకునే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు ఉండాలని ఉంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైన కూరగాయలు. కిలో నలభై వేసుకున్నా అరవై రూపాయలు దాటుతుంది, నెలకు దాదాపు రెండు వేలు. నెలకు పది, పన్నెండు వేలు తెచ్చుకుని, అందులో అద్దె కట్టే మనిషికి ఈ లెక్క చూపించి ఏం లాభం? లేనిదాన్ని ఒక్కసారిగా నిండుగా చేయలేం, సున్నా నుంచి సగానికి తేవచ్చు.

బండి, కట్ట, గుగ్గిళ్లు

సంఘంలో ఇద్దరు మహిళలు ముందుకొచ్చారు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, హౌస్‌కీపింగ్ మానేశారు. ఇంకొకరు ఒంటరి తల్లి, పొద్దున టిఫిన్ బండి దగ్గర పనిచేస్తారు. సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తోపుడుబండి. షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర, దిగిన మనిషికి ఎదురుగా కనపడేలా. బండి సంఘం పొదుపు డబ్బుతో కొన్నారు. సరుకు పెట్టుబడికి వీధి వ్యాపారులకు ఇచ్చే పీఎం స్వనిధి రుణం తీసుకున్నారు, అప్పట్లో మొదటి విడత పది వేలు. దానికి గుర్తింపు కార్డు కావాలి. వార్డు సచివాలయం చుట్టూ, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్ చుట్టూ తిరగడం ఉంటుంది. కార్డు చేతిలో ఉంటే బండి తీసేయమన్నప్పుడు మాట్లాడటానికి ఒక ఆధారం ఉంటుంది కాబట్టి ఆ తిరుగుడు తిరగాల్సిందే. 2014 వీధి వ్యాపారుల చట్టం ఇచ్చిన హక్కు అది. ఉడికించిన తిండి అమ్ముతున్నారు కాబట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా తీసుకున్నారు. అప్పట్లో ఏడాదికి 12 లక్షలలోపు వ్యాపారానికి ఫీజు వంద రూపాయలే.

అసలు చిక్కు సరుకు దగ్గర వచ్చింది. ఆకుకూర పొద్దున కోస్తారు, పొద్దున అమ్ముతారు. సాయంత్రానికి అది వడలిపోతుంది. తిరుపతి ఎండలో, అదీ ఏప్రిల్, మేలలో, తడిగుడ్డ కప్పినా నిలవదు. చంద్రగిరి వైపు ఆకుకూర వేసే రైతులతో మాట్లాడితే, మధ్యాహ్నం మూడింటికి కోసి పంపడానికి ఒకరిద్దరు ఒప్పుకున్నారు. వాళ్ల షరతు న్యాయమైనదే: రోజూ కచ్చితంగా అరవై కట్టలు తీసుకోవాలి, వాన వచ్చినా, పండగ వచ్చినా. మేం ఆ మాట ఇచ్చాం. ఈ మాట నిలబెట్టుకోవడమే మొత్తం పనికి వెన్నెముక. రైతు ఒక మడి మనకోసం సాయంత్రం కోతకు వదిలాడంటే అతను పొద్దుటి మార్కెట్ వదులుకున్నట్టు.

కొనేవాళ్లలో ఇంకో భయం ఉంది. "ఇది మురుగు నీళ్ల ఆకేనా?" ఊరి చివర కాలవల పక్కన పెంచే ఆకుకూర గురించి అందరూ విన్నారు, ఆ భయం తప్పు కాదు. దీనికి మాటలతో సమాధానం చెప్పే పని పెట్టుకోలేదు. ఒక ఆదివారం సంఘం మహిళలు కొందరు చంద్రగిరి దగ్గర ఆ తోటకు వెళ్లి, బోరు నీళ్లు చూసి, తలా ఇంత చిర్రాకు కోసుకుని వచ్చారు. వాళ్లు కాలనీకి వచ్చి చెప్పుకున్న మాటే నడిచింది. ఆ తర్వాత ఆ ప్రశ్న బండి దగ్గర పెద్దగా వినిపించలేదు.

వండే సేపు తగ్గించడం గురించి సంఘంలో చాలా చర్చ జరిగింది. చివరికి వచ్చింది 'పప్పుకూర కట్ట': వలిచి, బాగుచేసిన ఆకు ఒక కట్ట, వంద గ్రాముల కందిపప్పు, రెండు టమేటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు. ధర ముప్పై రూపాయలు. కందిపప్పు కిలో నూటయాభై ఉన్నప్పుడు వంద గ్రాములు పదిహేను, ఆకు పది, మిగతావి ఐదారు. లాభం దాదాపు లేదు. కానీ ఆకు వలిచి ఇవ్వడం వల్ల కొనేవాళ్లకు ఇరవై నిమిషాలు మిగిలాయి. ఆ ఇరవై నిమిషాలే ఇక్కడ అమ్ముడుపోయే సరుకు. పప్పును మాత్రం ముందే ప్యాకెట్లు కట్టలేదు, లేబుళ్ల గొడవ లేకుండా తూచి పోశారు. తూకం ముద్ర వేయించిన త్రాసు ఒకటి కొన్నారు.

పప్పు ఉడికించడానికి గ్యాసు అవుతుందని వెనకాడేవాళ్లు. 2024 నవంబర్ నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తుండటంతో ఆ మాట కొంత తగ్గింది. పప్పు ముందే నానేసుకుంటే గ్యాసు తక్కువ ఖర్చవుతుందని చెప్పింది బండి నడిపే అక్కే. కట్ట కొన్న ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్పి ఇచ్చేది.

బండి ఆర్థికం గురించి దాపరికం లేకుండా రాయాలి. ఇలాంటి పనులు చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే. అరవై కట్టలు ఆరు రూపాయల లెక్కన 360. తెప్పించే ఆటోకు వంద. ఎనిమిది కట్టలు మిగిలిపోయాయనుకుంటే 52 కట్టలు పది రూపాయల లెక్కన 520. చేతికి మిగిలేది అరవై రూపాయలు, ఇద్దరికి. ఆకుకూర ఒక్కటే అమ్మి ఎవరూ బతకరు. అందుకే బండి మీద గుగ్గిళ్లు, ఉడికించిన గుడ్లు వచ్చాయి. కిలో అలసందలు ఉడికితే రెండు కిలోల పైన అవుతాయి. వంద గ్రాముల కప్పు పది రూపాయలు, గ్యాసు, తాలింపు, పేపరు కప్పుల ఖర్చు పోగా కిలోకు డెబ్బై రూపాయల దాకా మిగులు. అరవై గుడ్లు ఆరుంపావు లెక్కన కొని ఎనిమిదికి అమ్మితే వంద రూపాయలు. అన్నీ కలిపితే మూడు గంటల పనికి మనిషికి వంద, నూటయాభై వచ్చే రోజులు ఉంటాయి. అప్పుడే బండి ఎనిమిదో నెలలో కూడా కనపడుతుంది.

గుగ్గిళ్ల వల్ల ఇంకో మేలు జరిగింది. బడి నుంచి వచ్చి అమ్మ వచ్చేదాకా పది రూపాయల చిప్స్ తినే పిల్లలకు, అదే పది రూపాయలకు వేడివేడి అలసంద గుగ్గిళ్లో, ఉలవ గుగ్గిళ్లో, గుడ్డో ఎదురుగా ఉంది. అందరూ మారారని చెప్పను. పోటీ మాత్రం మొదటిసారి సమానంగా జరిగింది.

శనివారాలు, పెరటాసి నెల

తిరుపతిలో శనివారం గుడ్డు అమ్ముడుపోదు. స్వామి వారం కాబట్టి కాలనీలో సగం ఇళ్లు ఆ రోజు నీచు ముట్టవు. తమిళ లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే పెరటాసి నెలలో అయితే నెల మొత్తం తినని ఇళ్లు ఉన్నాయి. ఇది ఊరి పద్ధతి, దానికి తగ్గట్టే బండి నడిచింది. శనివారం శెనక్కాయలు ఉడకబెట్టి అమ్మారు, పెరటాసిలో శెనగ గుగ్గిళ్లు రెట్టింపు చేశారు. చలికాలంలో అనపకాయలు వస్తాయి. అనపగింజల కూర, పితికిపప్పు ఈ చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి ప్రాణం. కాయలు వలిచి, గింజలు పితికి అమ్మితే అడిగి మరీ కొన్నారు. ఇంటి దగ్గరుండే ముసలమ్మలు కొందరు మధ్యాహ్నం కూర్చుని పితికి ఇచ్చి రోజుకు ఇంత అని సంపాదించుకున్నారు. నాకు ఈ మొత్తం పనిలో ఎక్కువ సంతోషం కలిగించింది అదే. మంచి తిండి అంటే కొత్తగా నేర్చుకోవాల్సిన వంట అనుకునే వాళ్లకు పితికిపప్పు గురించి చెబుతుంటాను. మాంసకృత్తులు, పీచు, రుచి, ఊరి జ్ఞాపకం, అన్నీ ఆ గింజలోనే ఉన్నాయి.

బ్రహ్మోత్సవాలప్పుడు ఇంకో రకం ఇబ్బంది. లాడ్జీల్లో ఓవర్‌టైం, ఇంటికి రాత్రి పదికి చేరడం, ఊళ్లో కూరగాయల ధర పెరగడం. ఆ రోజుల్లో ఐదు రూపాయల అన్న క్యాంటీన్ భోజనం పనికొస్తుంది. 2024 ఆగస్టులో అవి మళ్లీ తెరిచినప్పటి నుంచి టౌన్లో పనిచేసే మగవాళ్లు కొందరు అక్కడే తింటున్నారు. కాలనీలో ఉండే ఆడవాళ్లకు, ముసలివాళ్లకు అది దూరం.

అంగడి ఖాతా

బండి మొదలైన తర్వాత ఒక సంగతి కనిపించింది. నెల మొదటి పది రోజులు కట్టలు చాలేవి కాదు. ఇరవయ్యో తారీఖు దాటగానే సగం మిగిలిపోయేవి. ఆకుకూర మీద ఇష్టం నెలాఖరుకు పోదు కదా. ఆశా కార్యకర్తతో కలిసి ఇళ్లలో అడిగితే చెప్పిన జవాబు ఒకటే: బండి దగ్గర అప్పు లేదు, అంగట్లో ఉంది.

జీతం పదో తారీఖులోపు వస్తుంది. అద్దె, చీటీ, సంఘం కంతు పోగా మిగిలింది పదిహేను రోజులు వస్తుంది. ఆ తర్వాత కాలనీ మొత్తం అంగడి ఖాతా పుస్తకం మీద బతుకుతుంది. అప్పుకు దొరికేదే తింటారు. అప్పుకు దొరికేది ఉర్లగడ్డ, నూడుల్స్, ఆయిల్, బిస్కెట్లు. అందుకని నెలాఖరు పది రోజుల తిండి నెల మొదట్లో తిండి కాదు. ఆ తేడా గర్భిణికి, చిన్నపిల్లకు ఎంత చేటు చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

మా వాళ్లలో కొందరు అంగడాయన్ని ఎదుటి పక్షంగా చూసేవాళ్లు, చిప్స్ అమ్మేది ఆయనే కాబట్టి. నేను అలా చూడలేదు. పాతికేళ్లుగా ఆ కాలనీకి వడ్డీ లేకుండా అప్పు ఇస్తున్న మనిషి ఆయన. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరి జీతం ఆగింది అనేది ఆయనకు తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు. ఆయనతో మాట్లాడితే ఆయన సమస్య వెంటనే తేలింది. "ఆకు పెట్టేదానికి నాకేం అభ్యంతరమమ్మా? మిగిలితే యాడ పారేసేది? చిప్స్ మూడు నెల్లు ఉన్నా చెడిపోదు." చెడిపోయే సరుకు నష్టం ఆయన మోయలేడు, అంతే.

ఆ నష్టం సంఘం మోసేలా ఏర్పాటు చేశాం. సాయంత్రం ఆరింటికి బండి నుంచి ఇరవై కట్టలు, ఒక ట్రే గుడ్లు అంగట్లో పెడతారు. అమ్ముడైనదానికే లెక్క. కట్టకు రెండు రూపాయలు ఆయనకు. మిగిలింది రాత్రి వెనక్కి తీసుకుంటారు. కొన్నవాళ్లు ఆయన ఖాతాలో రాయించుకుంటారు, ఆయన సంఘానికి నెలకోసారి ఇస్తాడు. ఆ నెల రోజుల డబ్బు ఆగడానికి సంఘం కొంత మూల నిధి పక్కన పెట్టింది. ఆకుకూర, గుడ్డు చిప్స్ పక్కన అదే బల్ల మీద, అదే ఖాతాలో కూర్చున్నాయి. నెలాఖరు అమ్మకం పడిపోవడం ఆగింది. ఈ కేసులో పెద్ద మార్పు తెచ్చిన పని ఏదంటే బండి కంటే ముందు ఇదే చెబుతాను.

రేషన్ విషయంలో కూడా వేళ కలిసొచ్చింది. 2021 నుంచి వాహనాల్లో ఇంటి దగ్గరికి ఇచ్చే పద్ధతి ఉండేది. 2025 జూన్ నుంచి మళ్లీ స్టోర్లలో ఇస్తున్నారు, నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దునతో పాటు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఆ పదిహేను రోజులు మలుపు దగ్గరి బండి కాకుండా ఇంకో బండి స్టోరు ముందే నిలబడుతుంది. బియ్యం తీసుకున్న చేత్తోనే కట్ట తీసుకుంటారు.

నిమ్మకాయ, టీ, ఆఖరున తినే మనిషి

దొరకడం ఒక్కటే కాదు, ఇంట్లో ఎవరి కంచంలోకి చేరుతుందనేదీ ముఖ్యం. చాలా ఇళ్లలో మొదట భర్త, పిల్లలు, తర్వాత అత్త, ఆఖరున వండిన మనిషి. గుడ్లు నాలుగు కొంటే ఆమెకు ఉండదు. దీని మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఆశా కార్యకర్త గర్భిణులకు, బాలింతలకు ఒక మాట మాత్రం పట్టుగా చెప్పింది: ఇంటికి పోయేముందు బండి దగ్గరే ఒక గుడ్డు తినిపో అక్కా అని. కూతుళ్లకు, అంటే పన్నెండు దాటిన ఆడపిల్లలకు, గుగ్గిళ్ల కప్పు ముందు ఇవ్వడం బండి నడిపే వాళ్ల సొంత పద్ధతి.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా రక్తం పెరగలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది భోజనం అయిన వెంటనే టీ తాగేవాళ్లు. టీలో ఉండే పదార్థాలు ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. నిమ్మకాయలోని విటమిన్ సి దాన్ని పట్టేలా చేస్తుంది. అన్నానికి, టీకి మధ్య గంట ఎడం ఉంచడం, పప్పుకూరలో దించాక నిమ్మకాయ పిండుకోవడం, ఈ రెండే చెప్పాం. ఖర్చు లేని మాట కాబట్టి ఇంటింటికీ పాకింది.

ఏది మారింది, ఏది మారలేదు

హిమోగ్లోబిన్ పెరిగిందని నేను చెప్పను. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, అంగన్‌వాడీ గుడ్లు, బడి భోజనం అన్నీ ఒకేసారి నడుస్తున్న చోట, పెరిగినా అది ఆకుకూర వల్లే అని చెప్పడానికి వీల్లేదు. మేం చూసుకున్నవి చిన్నవి, నమ్మదగినవి: రాత్రి బండి మీద మిగిలిన కట్టలు ఎన్ని, అంగడి ఖాతాలో ఆకు, గుడ్డు ఎంత తరచుగా కనపడుతున్నాయి, సంఘం సమావేశంలో నిన్న రాత్రి ఏం వండారని అడిగితే వచ్చే జవాబు. వారానికి ఒకసారి కూడా ఆకు వండని ఇళ్లలో చాలా భాగం రెండు, మూడు సార్లకు వచ్చాయి. నెలాఖరులో కూడా ఆ అలవాటు ఆగలేదు.

టమేటా మీద ఎవరికీ పట్టు లేదు. 2023 జూలైలో కిలో నూటయాభై దాటినప్పుడు ఏమైందో అందరికీ గుర్తే. మదనపల్లె పక్కనే ఉన్నా మనకు ప్రత్యేకంగా చౌక కాదు. ధర ముప్పై దాటితే కట్టలో టమేటా తీసేసి చింతచిగురో, మామిడికాయ ముక్కో పెట్టడం పద్ధతి అయింది. కార్తీకం వానలప్పుడు ఆకు కుళ్లిపోయి రేటు రెట్టింపు అవుతుంది. 2021 నవంబర్ వరదలు చూసిన ఊరికి ఇది కొత్త కాదు. ఆ వారాల్లో గుగ్గిళ్లు, గుడ్లు, గుమ్మడికాయ ముక్కలతో సరిపెట్టుకోవాలి. రైతుకు ఇచ్చిన మాట మాత్రం ఆ వారాల్లో కూడా తప్పకూడదు, తడిసిన కట్టలైనా తీసుకుని డబ్బు ఇచ్చేశారు.

పాలు మా చేతిలోకి రాలేదు. అర లీటరు ప్యాకెట్ కొంటే టీకే పోతుంది, పిల్లలకు మిగలదు. పండ్లలో అరటిపండు తప్ప మరొకటి పది రూపాయల పరిధిలో లేదు. ఒంటరిగా గది అద్దెకు తీసుకుని, పొయ్యి లేకుండా ఉండే మగ కూలీలకు కట్ట పనికిరాదు, వాళ్లు గుగ్గిళ్లు, గుడ్డు మాత్రమే కొంటారు. మంచాన పడిన ముసలివాళ్లకు బండి దాకా రాలేని ఇబ్బంది ఉంది. వాళ్ల కోసం అంగన్‌వాడీ పక్క ఇంట్లో సాయంత్రం మెత్తని పప్పన్నం వండే ఆలోచన సంఘంలో నడుస్తోంది. డబ్బు ఎవరిస్తారన్నది తేలలేదు.

మీ ఊళ్లో మొదలుపెట్టాలనుకుంటే బండి కొనకముందు ఒక పని చేయండి. కాలనీ అంగడి ముందు నెల మొదటి వారంలో కొన్ని సాయంత్రాలు, ఇరవై ఐదో తారీఖు తర్వాత కొన్ని సాయంత్రాలు కూర్చోండి. ఎవరు ఎన్నింటికి వస్తున్నారు, చేతిలో ఎంత ఉంది, డబ్బిస్తున్నారా రాయించుకుంటున్నారా చూడండి. మా దగ్గర ఏడు గంటలు, పది రూపాయలు, ఖాతా. చిత్తూరులో పాల డైరీల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లున్న చోట షిఫ్టు వేరే ఉంటుంది, సీజన్ వేరే ఉంటుంది, బండి నిలబడాల్సిన వేళ కూడా వేరే అవుతుంది.

ప్రస్తుతం మా పని అంతా వేసవి మీద ఉంది. మే నెలలో మూడింటికి కోసిన ఆకు కూడా ఏడింటికి తలవాలుస్తోంది. చంద్రగిరి రైతు నీడ వల కింద సగం మడి వేసి, కోత నాలుగున్నరకు మార్చి చూద్దామంటున్నాడు. ఆటో ఖర్చు యాభై పెరుగుతుంది. కట్ట మీద రూపాయి పెంచాలా, గుగ్గిళ్ల మిగులు నుంచి సర్దాలా అనే మాట వచ్చే సంఘం మీటింగులో పెట్టారు. పది రూపాయల నాణెం దాటకూడదని బండి నడిపే ఇద్దరూ పట్టుబడుతున్నారు, నా ఓటు కూడా వాళ్లకే.